నియమగిరి క్రింద న్యాయము: కోరాపుట్, రాయగడ సీమల ఆచారధర్మముపై వెలసిన రచనల విమర్శ

కొండకు ధర్మము పేరు పెట్టి, ఆ కొండనే దైవముగా కొలుచు జనులు లోకమున అరుదు. రాయగడ, కలహండి జిల్లాల సరిహద్దున నున్న నియమగిరి డొంగ్రియా కొంధులకు అట్టి కొండ. తమకు కట్టుబాట్లు చేసినవాడు నియమరాజనియు, కొండకొమ్మున గొడ్డలి వేయరాదని శాసించినవాడు ఆయనయే యనియు వారి నమ్మకము. ధర్మము గ్రంథములందు గాక శిఖరములందు నిలిచియున్న సీమ యిది.

ఇచట న్యాయమునకు ద్వార మొకటి కాదు. ఊరిలో జాని, మండలుడు మున్నగు పెద్దలు కూర్చుండి తగవు తీర్చుట ఒక మార్గము. కోరాపుట్, రాయగడ, గుణుపురములలోని సర్కారు కచేరీలు మరియొక మార్గము. గడచిన దశాబ్దములలో అడవిలోని సాయుధదళములు నడపిన ప్రజాకోర్టులు మూడవ మార్గము. ఒకే జనులపై ఒకటికి మించిన ధర్మవ్యవస్థలు చెల్లుటను పండితులు న్యాయబహుత్వమని పిలుతురు. దీనినిగూర్చి గజెటీర్లు, నవలలు, మానవశాస్త్ర గ్రంథములు, చట్టములు, తీర్పులు, ఇట్లు పలువిధములైన వాఙ్మయము వెలసినది. దానిని ఒక్క గీటురాయిపై గీసి చూచుట ఈ వ్యాసమున కుద్దేశము. ఆ గీటురాయి యిది: తగవు పడినవాని మాట అతని నోటనే వినబడుచున్నదా, లేక ఇతరుని కలమున మాత్రమే కనబడుచున్నదా?

గజెటీర్ల దృష్టి

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్ర మేర్పడువరకు, జయపురము జమీందారీతో కూడిన ఈ సీమ మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్టణము జిల్లాలో చేరియుండెను. ఆ పిదప కోరాపుట్ జిల్లా యైనది. 1992 అక్టోబరు 2న ఆ పెద్దజిల్లా నాలుగుగా విడివడి, రాయగడ వేరుజిల్లా యయ్యెను.

పర్లాకిమిడి, గుంసూరు తిరుగుబాట్లు అణగిన పిమ్మట, జార్జి రస్సెల్ నివేదికల ననుసరించి 1839లో 24వ చట్టము వచ్చెను. అది గంజాము, విశాఖపట్టణము జిల్లాల మన్యభాగములను సామాన్య న్యాయస్థానముల అధికారమునుండి తప్పించి, కలెక్టరును గవర్నరు ఏజెంటుగా నిలిపి, సివిలు క్రిమినలు అధికారముల రెంటిని ఆయన చేతనే పెట్టెను. 'ఏజెన్సీ' యను మాట మన నోళ్లలో నానుటకు ఇదియే మూలము. ఈ యేర్పాటు కొండవారి ఆచారములకు చూపిన మన్ననయని మెచ్చుకొన్నవారు కలరు. కాని చట్టము పుట్టిన సందర్భము చూచినచో, అది మన్ననకంటె శాంతిభద్రతలకు సంబంధించిన ఆలోచన యని తెలియును. ఆచారమును దాని మానాన విడిచిపెట్టుట వేరు. ఆచారమును చెవియొగ్గి వినుట వేరు.

1907లో డబ్ల్యు. ఫ్రాన్సిస్ కూర్చిన విశాఖపట్టణము గజెటీరున ఈ భేదము స్పష్టపడును. సమాచారసేకరణమున ఆ గ్రంథము నేటికిని ఆదరణీయమే. కాని కొండజాతుల పెండ్లిండ్లు, పండుగలు, పూజలు ప్రజలనుగూర్చిన అధ్యాయమున చేరినవి. కచేరీలు, నేరములు, జైళ్లు న్యాయపరిపాలనాధ్యాయమున చేరినవి. అధ్యాయములను విభజించుటయే ఒక తీర్పు. కొండవారికి ఆచారము గలదు, న్యాయము మాత్రము లేదని ఆ తీర్పునకు అర్థము. తరువాతి పరిశోధకులలో పెక్కురు ఈ విభజనమునే మారుమాట లేక అనుసరించిరి.

పరజా నవలలోని న్యాయకథ

గజెటీరు వేరుచేసిన ఆ రెండధ్యాయములను కలిపి చూపినది ఒక నవల. అది గోపీనాథ మహంతి 1945లో ఒడియాభాషలో ప్రకటించిన 'పరజా'. ఆయన ప్రభుత్వోద్యోగిగా ఈ కొండలలో తిరిగిన రచయిత. 1953లో ఆయన రాయగడలో స్పెషల్ అసిస్టెంటు ఏజెంటుగా నుండగా, ఈ అధికారి కొండవారి పక్షపాతి యని భూస్వాములును సాహుకార్లును ప్రధాని నెహ్రూకు ఫిర్యాదు వ్రాసికొనిరి. నవలాకారునకు ఇంతకంటె మంచి యోగ్యతాపత్రము దొరకదు.

కథ సుపరిచితమే. సర్సుపదరు గ్రామమున సుక్రుజాని పరజా రైతు. మాండియా, టిక్రా కొడుకులు. జిలీ, బిలీ కూతుళ్లు. అటవీగార్డు కన్ను జిలీపై పడును. కోరిక నెరవేరనందున అతడు తండ్రిపై చెట్లు నరికిన నేరము మోపించును. జరిమానా కట్టుటకు సుక్రుజాని సాహుకారు రామచంద్ర బిసోయివద్ద అప్పుచేసి గోతి యగును. దొంగసారా నేరమున పట్టుబడి మాండియాయు అదే దారి పట్టును. భూమి తాకట్టున పోవును. కోర్టు కెక్కినను గెలుపు సాహుకారుదే. చివరకు గొడ్డలి లేచును. సాహుకారును చంపినవారు తమంతట తామే పోలీసు ఠాణాకు పోయి నేరమొప్పుకొందురు.

దీనిని దౌర్జన్యకథగా చదివినవారు పెక్కురు. న్యాయకథగా చదివినచో దీని నిర్మాణము మరింత తేటపడును. సుక్రుజాని కుటుంబముపై తొలిదెబ్బ వేసినవాడు సాహుకారు కాడు. అటవీచట్టము మొదటిది, ఆబ్కారీచట్టము రెండవది. చెట్టు కొట్టుట, సారా కాచుట కొండవాని నిత్యజీవితమున భాగములు. ఆ రెంటిని చట్టము నేరములుగా మార్చి, శిక్షను రూపాయలలో విధించెను. రూపాయి లేని యింట రూపాయల శిక్ష పడినచో, రూపాయి గలవాడు లోనికి రాక తప్పదు. సర్కారు తీర్పు వాకిలి తెరచిన పిదపనే సాహుకారు ఆ యింట అడుగుపెట్టెను.

ఊరిసభలో తప్పు తేలినవాడు మేకయో, కల్లుకుండయో, బియ్యమో తప్పుగా ఇచ్చుకొనును. అందరును కూర్చుండి తిందురు. తగవు అంతటితో ముగిసినట్లు ఊరికంతటికిని తెలియును. కచేరీలో జరిమానా కట్టినవానికి ఇల్లు చేరిన పిమ్మటనే శిక్ష ఆరంభమగును. ఈ భేదమును ఏ న్యాయశాస్త్రగ్రంథమును మహంతి చెప్పినంత సూటిగా చెప్పలేదు.

నవల ముగింపున మరియొక సూక్ష్మము కలదు. భూమికై కోర్టులో చెప్పికొన్న నిజమునకు చెవియొగ్గినవారు లేరు. హత్య చేసితిమని ఠాణాలో చెప్పు నిజమును వ్రాసికొనుటకు మాత్రము సర్కారు కలము ఎల్లపుడును సిద్ధమే. కొండవాని నోటిమాటకు సర్కారు న్యాయమున విలువ వచ్చునది అది అతనికి ఉరియైనపుడు మాత్రమేనా యని పాఠకుని మనస్సు కలగును.

లోపము లేదని చెప్పరాదు. జిలీ కష్టము తండ్రికిని అన్నలకును కలిగిన అవమానముగా కనబడినంత గాఢముగా, ఆమెకు జరిగిన అన్యాయముగా కనబడదు. ఆమె తరఫున ఊరిసభ ఏమి పలుకవలసియుండెనను ప్రశ్నను రచయిత నిలిపి అడుగలేదు. ఈ లోటు ఒక్క నవలది కాదు. ఆచారధర్మ వాఙ్మయమంతటికిని సామాన్యమైనది.

గోతి ఎవరి ఆచారము?

గోతి యనగా అప్పునకు ప్రతిగా మనిషి తన చాకిరీని తాకట్టు పెట్టుట. దీనిని మాన్పుటకు 1940లో మద్రాసు ఏజెన్సీ ప్రాంతములకును, 1948లో ఒరిస్సాకును రుణదాస్యనిషేధ రెగ్యులేషనులు వచ్చెను. దేశమంతటికిని 1976లో వెట్టిచాకిరీ నిర్మూలనచట్టము వచ్చెను. అందాక, ఇది కొండలలోని మామూలేయని సమర్థించుకొన్నవారికి కొదవ లేదు.

ఇచట విమర్శకుడు ఆగవలెను. ఆఫ్రికాలో ఆచారధర్మమని పేరుపొందిన దానిలో పెక్కుభాగము వలసపాలకుల కాలముననే, వారి కచేరీలలోనే రూపుదిద్దుకొన్నదని మార్టిన్ చానాక్ 1985లో ప్రకటించిన గ్రంథమున నిరూపించెను. గోతియు అట్టిదే. కాగితము కొండది కాదు. లిపి కొండది కాదు. వడ్డీలెక్క కొండది కాదు. వేలిముద్ర మాత్రము కొండవానిది. అయినను దానికి ఆచారమని పేరు! ఆచారమునుగూర్చి సాక్ష్యము చెప్పువా డెవడు, ఆ సాక్ష్యమువలన లాభపడువా డెవడు అని అడుగక, ఆచారముల పట్టిక కూర్చు పరిశోధన సాహుకారు ఖాతాపుస్తకమునకు తోబుట్టువగును.

ఈ కలము పట్టినవారిలో తెలుగువారును కలరని దాచుట న్యాయము కాదు. మైదానమునుండి ఘాటెక్కి వచ్చిన వర్తకులలో, సాహుకార్లలో, గుమాస్తాలలో ఒడియావారితోపాటు మనవారును ఉండిరి. కవియు కవిపోషకుడునై, ఆంధ్రవిశ్వకళాపరిషత్తునకు ధారాళముగా దానము చేసిన జయపురాధీశుడు విక్రమదేవవర్మ (1869–1951) పేరు మన సంఘములు గర్వముతో స్మరించుచుండును. స్మరింపదగిన పేరే. కాని అదే కాలమున, అదే సీమలో, చదువురానివారిచేత వేలిముద్రలు వేయించుకొన్న దస్తావేజులనుగూడ స్మరించిననే మన చరిత్ర పూర్తియగును.

వినుట నేర్చినవారు

మనవారిలోనే ఇందుకు భిన్నమైన దారి తొక్కినవా డొకడు కలడు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండిన గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) సవరభాష నేర్చెను, సవరపిల్లలకు బడులు పెట్టెను, 1931లో ఆ భాషకు వ్యాకరణమును, 1938లో నిఘంటువును ప్రకటించెను. ఆయనను వ్యావహారికభాషోద్యమ నాయకుడుగా తెలుగుదేశ మెరుగును. ఆ ఉద్యమమునకును సవరభాషాసేవకును మూల మొక్కటియే: మనిషి పలుకు పలుకునే ప్రమాణముగా గ్రహింపవలెనను పట్టుదల. ఆయన సవరల ధర్మశాస్త్రము వ్రాయలేదు. అయినను, సవరవాని సాక్ష్యము వినవలసిన న్యాయాధికారికి వంద ఆచారపట్టికలకంటె ఆ యొక్క నిఘంటువే ఎక్కువ ఉపకరించును.

సవరలనుగూర్చి వెరియర్ ఎల్విన్ 1955లో ప్రకటించిన గ్రంథము వారి మతమున కొక భాండాగారము. పియర్స్ విటెబ్‌స్కీ 1993లో వెలువరించిన గ్రంథము న్యాయదృష్టితో చూచువారికి మరింత విలువైనది. మరణించినవారు పూజారిణి నోట మాటలాడుటయు, బ్రతికియున్నవారు వారితో వాదించుటయు, ఆ వాదములలో కుటుంబకలహములు, వారసత్వములు తేలుటయు ఆయన విని వ్రాసెను. అచ్చట ఆచారము సూత్రముగా గాక సంభాషణముగా కనబడును. తిరిగి 2017లో వ్రాసిన గ్రంథమున, తరువాతి తరమువారు క్రైస్తవము స్వీకరించి ఆ సంభాషణమునే విడిచిపెట్టుట చూపెను. ఆచారము శిలాశాసనము కాదు. అది పలికెడివారు మారినచో తానును మారును. పాతదానిని అచ్చువేసి, అదియే ధర్మమని నేటివారిపై రుద్దుట ఆచారమునకు చేయు సేవ కానేరదు.

రెండు చట్టముల భేదము

చట్టములనుగూడ సాహిత్యగ్రంథములవలె పదము పదము చదువవలెను. షెడ్యూల్డు ప్రాంతముల పంచాయతీలకై 1996లో పార్లమెంటు చేసిన చట్టము, పంచాయతీలపై రాష్ట్రములు చేయు శాసనములు ఆచారధర్మమునకును, ఉమ్మడి వనరుల సంప్రదాయ నిర్వహణమునకును అనుగుణముగా నుండవలెనని విధించెను. తగవులు తీర్చు సంప్రదాయపద్ధతిని కాపాడుకొను సామర్థ్యము గ్రామసభకు గలదనియు పలికెను. 1997లో ఒరిస్సా చేసిన సవరణ అదే సామర్థ్యమును ఒప్పుకొనుచునే, అది అమలులోనున్న చట్టములకు అనుగుణముగా నుండవలెనని షరతు చేర్చెను. రాజ్యాంగ మూలసూత్రములకును మానవహక్కులకును లోబడవలెనన్న షరతు సమంజసమే, దానిని కాదనరాదు. కాని ఉన్న ప్రతిచట్టమునకును లోబడవలెననుట వేరుమాట. కేంద్రచట్టమున చట్టము ఆచారమువైపు నడువవలెను. రాష్ట్రసవరణమున ఆచారము చట్టమువైపు నడువవలెను. వాక్యము ఇంచుమించు అదియే. నడక మాత్రము తలక్రిందులైనది.

భూమివిషయమున 1956 నాటి 2వ రెగ్యులేషను, అధికారి అనుమతి లేనిదే గిరిజనుని భూమి గిరిజనేతరునకు బదలాయింపరాదనెను. 2002 సవరణము ఆ అనుమతికిని తావీయక నిషేధించెను. 1956 అక్టోబరు 4కును 2002 సెప్టెంబరు 4కును నడుమ అట్టి భూమి ఎట్లు చేతికి వచ్చినదో గిరిజనేతరుడే తెలుపవలెనని భారమును అతనిపై వేసెను. ఇది ఉచితమే. కాని ప్రశ్న 1956కడనే ఆగినది. సుక్రుజాని వంటివారి భూములు అంతకు పూర్వమే పోయినవి.

ఈ వాఙ్మయమున 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఇచ్చిన నియమగిరి తీర్పునకు ప్రత్యేకస్థానము కలదు. ఒడిశా మైనింగ్ కార్పొరేషను బాక్సైటు త్రవ్వదలచిన కొండపై మతసాంస్కృతిక హక్కులను గ్రామసభలే పరిశీలింపవలెనని అది నిర్ణయించి, జిల్లాజడ్జి హోదాగల న్యాయాధికారి పరిశీలకుడుగా నుండవలెనని ఆదేశించెను. జులై 18న సెర్కపాడిలో మొదలై ఆగస్టు 19న జరపాలో ముగిసిన 12 సభలు, అనగా రాయగడ జిల్లాలో 7, కలహండి జిల్లాలో 5, ఒక్కగొంతుతో గనిని నిరాకరించెను. 2014 జనవరిలో కేంద్రప్రభుత్వమును అనుమతి నిరాకరించెను.

ఈ సభలను విజయముగా వర్ణించిన వ్యాసములు లెక్కకు మించినవి. వాటిలో పెక్కింటికి రెండు సంగతులు పట్టలేదు. కొండపైనను చుట్టుపట్లను నూరుకు మించిన పల్లెలుండగా, పన్నెండింటిని మాత్రమే రాష్ట్రప్రభుత్వము ఎంచుట మొదటిది. జనులు కువిభాషలో పలికిన మాటలు వేరుభాషలోనే కాగితమున కెక్కవలసివచ్చుట రెండవది. అయినను ఒక్క విశేషమును ఒప్పుకొనక తీరదు. పరజా నవలలో కొండవాడు న్యాయస్థానమునకు నడచిపోయెను. ఇచట న్యాయస్థానము కొండకు నడచివచ్చి, నేలపై కూర్చున్నవారి మాట విన్నది. ఆ మార్పు చిన్నది కాదు.

తుపాకుల నడుమ

2000 డిసెంబరు 16న రాయగడ జిల్లా కాశీపురము ప్రాంతమున, మైకంచిలో బాక్సైటు గనులను ప్రతిఘటించుచున్న ఆదివాసులలో ముగ్గురు పోలీసు కాల్పులకు బలియైరి. 2004 ఫిబ్రవరి 6న మావోయిస్టులు కోరాపుట్ ఆయుధాగారముపై దాడిచేసిరి. 2009లో నారాయణపట్నాలో చాసీ ములియా ఆదివాసీ సంఘము భూములను స్వాధీనపరచుకొనసాగెను. ఆ కలతలలో దళితులతోసహా పెక్కు గిరిజనేతర కుటుంబములు ఇండ్లు విడిచిపోయెను. నవంబరు 20న అచటి ఠాణావద్ద జరిగిన కాల్పులలో ఇద్దరు ఆదివాసులు మరణించిరి.

ఇట్టి కాలముపై వచ్చిన రచనలు మృతులను లెక్కించినవి, దోషులను వెదకినవి. ఊరిసభకు కలిగిన నష్టమును గుర్తించినవి కొన్నియే. తగవు తీర్చిన పెద్ద ఒకరి కన్నులకు ఇన్ఫార్మరు, మరియొకరి కన్నులకు సానుభూతిపరుడు. ఇరువురికిని భయపడి అతడు నోరు మూసికొనును. ప్రజాకోర్టు పేరులో ప్రజలు కలరు. తుపాకీ యెదుట కూర్చున్న సభలో కాదనుటకు మాత్రము చోటు లేదు. కాదనరాని సభ సభ కాదు, అది ఏ జెండా క్రింద కూర్చున్నను.

కలహానంతరము ఆచారసభలను ప్రభుత్వములు వాడుకొనుటకు ర్వాండా దేశపు గచాచా సభలు ప్రసిద్ధమైన ఉదాహరణము. 2012లో ముగియులోపల అవి 19 లక్షలకు పైగా వ్యాజ్యములు విచారించెను. అంత భారమును మామూలు కోర్టులు మోయజాలవు. కాని ఇరుగుపొరుగుల రాజీకై పుట్టిన సభకు హత్యానేరముల శిక్షాధికారము చేరగా, దాని స్వభావమే మారెనని విమర్శకు లనిరి. పేరు నిలిచినంత మాత్రమున ఆచారము నిలువదు.

అట్లని ఊరిసభను దేవాలయముగా చిత్రించుటయు పొరపాటే. నరబలియైన మెరియా ఒకనాటి ఆచారమే. దానిని మాన్పుటకు 1845లో ప్రత్యేక ఏజెన్సీ నేర్పరచిరి. చేతబడి చేసినదను నిందతో స్త్రీలను హింసించుట ఈ జిల్లాలలో రూపుమాయలేదు గనుకనే 2013లో ఒడిశా అందుకై చట్టము చేసెను. 1956 నాటి హిందూ వారసత్వచట్టము షెడ్యూల్డు తెగలకు వర్తింపదు. కావున కూతురి వాటా ఆచారముమీదనే ఆధారపడియుండును. 1996లో మధు కిష్వర్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఆచారమును కొట్టివేయక, స్త్రీల జీవనాధారమును మాత్రము కాపాడెను. కొంధుల ఊళ్లలో వార్తాహరుడైన బారికుడు తరచు డొంబుకులస్థుడు. కబురు మోయుట అతని పని, తీర్పు చెప్పుట కాదు. సభలో ఎవరు కూర్చుండరో చెప్పని పరిశోధన, సభనుగూర్చి సగమే చెప్పినట్లు.

దుబాసి ధర్మము

ఈ రచనలన్నిటిని గీటురాయిపై గీసి చూడగా తేలునది ఒక్కటే. ఆచారధర్మము పట్టికలలో లేదు. రేపు తనతో కలసి బ్రతుకవలసినవారి యెదుట మనిషి తన భాషలో తన మాట చెప్పుకొని, వారిచేత వినిపించుకొనుటయందు కలదు. ఆ వినికిడిని అందించిన రచన నిలిచినది. దానిని సూత్రములుగా ఆరబెట్టిన రచన ఎండినది. సర్కారు న్యాయమునకును ఇదియే పరీక్ష. ముద్దాయికి తెలియని భాషలో సాక్ష్యము నడచినచో తెలిసిన భాషలో వివరింపవలెనని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు విధించెను. దాని స్థానమున 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన సంహితయు ఆ నియమమును నిలిపెను. నియమము కలదు. కువి, సవర, గదబ భాషలు తెలిసిన దుబాసి నిజాయితీగా నిలిచిననే దానికి ప్రాణము.

ఇచట తెలుగువారి బాధ్యత ముందుకు వచ్చును. కువి మనకు పరాయిభాష కాదు. తెలుగు, గోండి, కుయి, కువి, కొండభాషలు దక్షిణమధ్య ద్రావిడ శాఖలోనివి. మనము ఇల్లన్నది వారికిని ఇల్లే. కొండభాషకు 1969లో వర్ణనవ్యాకరణము ప్రకటించిన భద్రిరాజు కృష్ణమూర్తి ఈ బంధుత్వమును శాస్త్రముగా నిలిపెను. ఇతర రాష్ట్రమున అల్పసంఖ్యాకులై, తమ పిల్లలకు తమ భాషలో చదువు కావలెనని విన్నపములు పెట్టుకొను జనులకు, తన మాట ఎదుటివానికి చేరకపోవుట యెట్టిదో తెలియకపోదు. అర్జీ వ్రాయుట వచ్చినవారు, కచేరీ వాకిలి తెలిసినవారు, చెంతనే జ్ఞాతిభాష గలవారు తెలుగువారు. ఒకనాడు ఈ కలము వేలిముద్ర పక్కన సాహుకారు లెక్క వ్రాసెను. గిడుగువారి చేతిలో అదే కలము సవరవాని పలుకు వ్రాసెను. రెండును మన చరిత్రయే. ఇకముందు ఏ దారి పట్టవలెనో ఎంచుకొనవలసినది మాత్రము నేటివారు.

ఊరిపెద్దల తీర్పులను వారి భాషలోనే, వారి సమ్మతితో, స్త్రీల మాటయు డొంబువాని మాటయు చేర్చి వ్రాసియుంచుట ఈ సీమలోని సంఘములు చేయదగిన పని. అది ధర్మశాస్త్రము కానక్కరలేదు. నమ్మదగిన సాక్ష్యమైనచో చాలును.